లాండ్రీ తలుపు

శ్యామసుందరికి కన్నతండ్రి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయరు.

మిగతా ఆడపిల్లల తండ్రులు హాయిగా పేకాడి ఓడిపోతారు, రైలు అందుకోలేకపోతారు, కొన్న వంకాయల్లో సగం పుచ్చులు తెచ్చి పెళ్ళాం చేత చివాట్లు తింటారు. రామానుజంగారి ఇంట్లో అలాంటి ముచ్చట్లు లేవు. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆయన తవ్వించిన కాలువలో నీళ్ళు ఎదురెక్కితే అది నీళ్ళ తప్పు. పులుసులో ఉప్పెక్కువైతే వండినవాళ్ళ తప్పు, తక్కువైతే ఉప్పు అమ్మినవాడి తప్పు. శ్యామకి ముప్పై రెండేళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళలో ఆయన నోట "పొరపాటు నాది" అన్న మాట వినలేదు. అలాంటి మనిషితో కాపురం చేస్తున్న తల్లి సీతాదేవికి చెవులు కాస్త మందగించడం ఆ పెరుమాళ్ళ దయ అనే శ్యామ అనుకునేది.

ఇల్లు కొనడానికి శ్యామా, మొగుడూ ఆయన దగ్గరే డబ్బు తీసుకున్నారు.

తొంభైతొమ్మిదిలో అప్పటికి వాళ్ళది సముద్రాలవతల, వెస్ట్‌మీడ్ అనే పేటలో అద్దె ఫ్లాటు. శ్యామ మొగుడు యోగానంద్ ఒక బ్యాంకులో పాత కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం అంటే ఏమిటో నేర్పే పనిలో ఉన్నాడు. డిసెంబరు ముప్పై ఒకటి దాటగానే లిఫ్టులు ఆగుతాయని, విమానాలు పడతాయని లోకమంతా భయపడుతున్న రోజులు కనుక జీతం బాగానే వచ్చేది. ఒక ఆదివారం బ్లాక్‌టౌన్ దాటాక ఒక ఇల్లు చూశారు. వంటింటి కిటికీ తీస్తే చేతికందేంత దూరంలో నిమ్మచెట్టు. శ్యామ ఆ కిటికీ దగ్గర నిలబడి, ఇక కదలలేదు. ముందు కట్టాల్సిన పదో వంతులో సగానికి సగం తక్కువ పడింది.

అడక్కుండానే రామానుజంగారు ముందుకొచ్చారు. "కొనుక్కోండమ్మా, నేనిస్తా. ముందు ప్లాను ఫ్యాక్సు చెయ్యి."

ఇల్లు అమ్మేవాళ్ళిచ్చిన రంగుకాగితం మీద ప్లాను ఉంది. ఫ్యాక్సు చేసింది. మర్నాడు పొద్దున్నే కాకినాడ నుంచి ఫోను.

"ఇల్లు బాగానే ఉంది కానీ దక్షిణ ద్వారం. పైగా ఈశాన్యంలో పొయ్యి. ఈశాన్యంలో నిప్పు పెడితే నిలబడిన కొంప లేదు. సరే, మార్గం ఉంది. రాసుకో. వీధి తలుపు ఎప్పుడూ తియ్యకూడదు. కుడివైపు లాండ్రీకి, అదే బట్టలుతికే గదికి, తలుపుంది చూశావా, అది తూర్పు. రాకపోకలన్నీ అక్కణ్ణుంచే. ముందువైపు గ్యారేజీ ఆగ్నేయం, పొయ్యి అందులోకి మార్చు. ఈ రెండూ ఒప్పుకుంటే సోమవారం బ్యాంకుకెళ్తాను."

శ్యామ చేతిలో అసలు కాగితం ఉంది. దాని మూల చిన్న బాణం గుర్తు, పక్కన ఇంగ్లీషులో 'ఎన్' అక్షరం. ఆ బాణం పైకి కాదు, కుడిచేతి వైపు చూపిస్తోంది.

"నాన్నగారూ, ఇక్కడ కాగితం మూల ఒక బాణం..."

"నాకొచ్చిన ఫ్యాక్సులో బాణాలేవీ లేవు. ప్లానుకి పైభాగం ఉత్తరం. ముప్పై నాలుగేళ్ళు నేను సంతకం పెట్టిన ప్రతి ప్లానులోనూ పైనే ఉత్తరం. నీకు బీకాంలో ప్లాన్లు చదవడం చెప్పారా?"

చెప్పలేదు. అది నిజమే. శ్యామ కాగితం మడిచి పెట్టేసింది.

ఆయన అన్నమాట ప్రకారం, ఒక్కరి పేరున అంత సొమ్ము దేశం దాటనివ్వరు కనుక తన పేరున ఒక ముక్క, భార్య పేరున ఒక ముక్క, కొడుకు పేరున ఒక ముక్క చేసి, నెల్లాళ్ళు బ్యాంకు చుట్టూ తిరిగి డాలర్లు పంపారు. డిసెంబరు మొదటి వారంలో గృహప్రవేశం అయింది, వాషింగ్ మెషిన్ పక్కనుంచి.

మర్నాడు ఉదయం ఆరింటికి మూసిన వీధి తలుపు గాజుపలకలోంచి ఎండ తిన్నగా హాల్లోకొచ్చి సోఫా మీద కూర్చుంది. శ్యామ ఆ ఎండని చూసింది. కాకినాడలో తెల్లవారేదాకా ఆగి ఫోను తీసింది.

"నాన్నగారూ, సూర్యుడు వీధి గుమ్మంలోంచే వస్తున్నాడు. మరి అది తూర్పే కదా?"

ఇంజనీర్లు సైటు మీద కూలీలకి చెప్పే ఓపికతో, "పిచ్చిదానా, మీరుండేది దక్షిణార్ధగోళం. అక్కడ సూర్యుడి నడక వేరు. అందుకని నీకలా కనిపిస్తుంది. కంటికి కనిపించేదంతా నమ్మకూడదు," అన్నారు.

యోగానంద్‌ని అడిగితే పేపరు దించకుండానే తీర్పిచ్చాడు. "డబ్బు ఆయనది శ్యామా. దిక్కులు కూడా ఆయనవే."

అలా మొదలైంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వీళ్ళ మురికి బట్టలు చూసి, తరవాత వీళ్ళని చూసేవాళ్ళు. రెండు పొయ్యిలూ ఒక బార్బెక్యూ సిలిండరూ గ్యారేజీలో చేరాయి, కారు వీధిలోకి పోయింది. జనవరిలో ఆ రేకు తలుపు కాలి కాలి గ్యారేజీలో కుక్కరు అక్కర్లేకుండానే పప్పు ఉడికేలా ఉండేది. నిమ్మచెట్టు కిటికీ దగ్గర గట్టు మీద పాత పేపర్లు పెట్టుకున్నారు.

జనవరి ఒకటిన లిఫ్టులు ఆగలేదు, విమానాలు పడలేదు. ఏమీ కాకుండా ఉండటానికే ఇంత జీతమా అని బ్యాంకువాళ్ళకి అనుమానం వచ్చినట్టుంది. మార్చిలో యోగానంద్ కాంట్రాక్టు అయిపోయింది.

ఆ వారం కాకినాడ నుంచి ఫోనులో మొదటి ప్రశ్న, "తలుపు తీశారా?"

తీశారు. ఫిబ్రవరిలో కొత్త ఫ్రిజ్ లాండ్రీ తలుపులో పట్టలేదు. పది నిమిషాలు తీసి, ఫ్రిజ్‌ని లోపలికి తోసి, మళ్ళీ గడియ పెట్టారు. శ్యామకి అబద్ధం చెప్పాలని తోచలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"అదీ," అన్నారు రామానుజంగారు. అంతే. తిట్టలేదు. తిడితే బావుండేది.

ఫోను పెట్టేశాక శ్యామ తనలో కోపం కోసం వెతుక్కుంది. డబ్బాలో ఉందనుకున్న ఇంగువ లేకపోతే ఎలా చూస్తామో అలా. వాసన ఉంది కానీ సరుకు లేదు. గ్యారేజీలోకెళ్ళి చారు పెట్టింది. ఆ రోజునుంచి ఆదివారం ఆదివారం వచ్చే ఫోనుకి మూడు మాటలు సరిపోయేవి. సరే నాన్నగారూ. అలాగే నాన్నగారూ. తియ్యలేదు నాన్నగారూ.

జూన్‌లో, ఆ దేశం కొత్తగా తెస్తున్న జీఎస్టీ పుణ్యమా అని యోగానంద్‌కి మళ్ళీ పని దొరికింది. కొత్త పన్ను లెక్కలు పాత కంప్యూటర్లకి నేర్పాలి కదా. తలుపు సరిగ్గా మూసి ఉంచినందువల్లే దొరికిందని కాకినాడలో తేలింది.

సెప్టెంబరులో తల్లీ తండ్రీ వచ్చారు. ఊరంతా ఒలింపిక్స్ చూడ్డానికి వస్తుంటే రామానుజంగారు తలుపు చూడ్డానికి వచ్చారు. లాండ్రీలోంచి లోపలికి అడుగుపెట్టి, తృప్తిగా తలూపి, వచ్చిన సాయంత్రమే సంగతి బయటపెట్టారు.

"గడియ పెట్టిన తలుపు ఎప్పటికైనా ప్రమాదమే. మళ్ళీ ఏ ఫ్రిజ్జో, బీరువాయో వస్తుంది. తలుపు పీకేసి ఇటుకలతో గోడ కట్టించేద్దాం. ఖర్చు నాది. మేస్త్రీని చూడవోయ్ యోగానంద్."

యోగానంద్ ఆయన వంకా పెళ్ళాం వంకా చూశాడు. "శ్యామా?"

ఆ తలుపు తీసుకుని వీధిలోకి నడవాలనీ, ఆ కిటికీ దగ్గర కూర్చుని నిమ్మచెట్టుని చూస్తూ కూర తరుక్కోవాలనీ తొమ్మిది నెలల కింద ఒకావిడ ఈ ఇల్లు కొనిపించింది. గోడ లేస్తే ఇక ఆవిడ లేనట్టే. శ్యామకి ఆవిడ ఎవరో పరిచయస్తురాలిలా గుర్తొచ్చింది. "మీ ఇష్టం నాన్నగారూ," అంది.

టోనీ అనే మేస్త్రీ వచ్చే శనివారం ఏడింటికి వస్తానన్నాడు.

రామానుజంగారు సంధ్యావందనం తప్పని మనిషి. మర్నాడు తెల్లవారకముందే స్నానం చేసి, పంచపాత్ర పట్టుకుని లాండ్రీ తలుపు తీసుకుని బయట నిలబడ్డారు. ఎదురుగా పక్కింటివాళ్ళ కంచె. సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వాలి. సూర్యుడు రావాలి కదా.

శ్యామ గ్యారేజీలో కాఫీ కలుపుతూ చూస్తోంది. ఎండ వచ్చింది. ఆయన కుడి చెవి మీద పడింది.

"ఇక్కడ గడియారాలు కూడా ముందుకి జరిపేశారుట, ఒలింపిక్స్ కోసం. అందుకే అంతా తికమకగా ఉంది," అన్నారు కాఫీ అందుకుంటూ, ఎవరూ ఏమీ అడక్కుండానే.

రెండో రోజు కుడి బుగ్గ మీద పడింది. అంటే ఆయన కొంచెం తిరిగారన్నమాట. మూడో రోజు ఇంకొంచెం. స్కూలు సెలవల్లో ఉన్న మనవరాలు భానుశ్రీ పైజామాతో వచ్చి పక్కన నిలబడింది. ఏడేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"తాతయ్యా, వై ఆర్ యూ ఫేసింగ్ నార్త్?"

"ఇది తూర్పమ్మా."

"నో-ఓ! నెవర్ ఈట్ సాగీ వీట్‌బిక్స్!" అని వేలితో గాలిలో గుండ్రంగా తిప్పి చూపించింది. నార్త్, ఈస్ట్, సౌత్, వెస్ట్ వరుస మరిచిపోకుండా బడిలో నేర్పిన మాటది. "ఈస్ట్ ఈజ్ అవర్ ఫ్రంట్ డోర్. మై టీచర్ మిస్ పావెల్ సెడ్ సన్ ఈజ్ నెవర్ రాంగ్."

"ఏమిటే వీట్‌బిక్స్?"

"బ్రేక్‌ఫాస్ట్."

"పొద్దున్నే ఆ తిండి మాటలేమిటి, లోపలికి పో," అన్నారు. పిల్ల వెళ్ళింది. ఆయన చాలాసేపు నిలబడ్డారు.

నాలుగో రోజు శ్యామ ఒక పని చేసింది. ఎందుకు చేసిందో తనకే తెలీదు. గెలవాలని మాత్రం కాదు, గెలవాలంటే ఒంట్లో ఓపికుండాలి. కాఫీ గ్లాసు కింద మరక పడకుండా ఏదో కాగితం వెయ్యాలి కదా. ఇల్లు అమ్మినవాళ్ళ పాత రంగుకాగితం మడిచి, బాణం గుర్తు ఉన్న మూల పైకి ఉండేలా వేసింది.

రామానుజంగారు కాఫీ తాగారు. పేపరు చదివారు. గ్లాసు ఇచ్చేశారు. కాగితం మాత్రం తిరిగి రాలేదు.

శుక్రవారం ఆయన పెట్టె మీద పంచె మడతపెట్టి ఉంచబోతే ఆ కాగితం కనిపించింది. బాణం చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీసి ఉంది. ప్లాను మీద దిక్కులన్నీ మళ్ళీ రాసుకున్నారు, ఆ చక్కని ఇంజనీరు అక్షరాలతో. వీధి తలుపు దగ్గర 'తూర్పు'. నిమ్మచెట్టు వంటింటి దగ్గర 'వాయవ్యం, పొయ్యికి దోషం లేదు'. గ్యారేజీ దగ్గర 'ఈశాన్యం'. ఆ మాట కింద పెన్సిలు మొన విరిగిన గుర్తు.

శ్యామ మంచం మీద కూర్చుంది. నిక్షేపంలాంటి ఇల్లు. ఈశాన్యంలో నిప్పు పెడితే కొంప నిలవదన్న మనిషి మాట ప్రకారమే తొమ్మిది నెలలుగా ఈశాన్యంలో రోజూ రెండు పూటలా నిప్పు పెడుతోంది. నవ్వు రావాలి. కనీసం ఏడుపన్నా రావాలి. పంచె మడత సరిచేసి లేచింది.

ఆయనకి తెలిసింది. తెలిసి మూడు రోజులైంది. అయినా భోజనాల దగ్గర, "రేపు ఏడింటికేగా టోనీ?" అన్నారు, పళ్ళెంలోకే చూస్తూ.

"అవును నాన్నగారూ. ఏడింటికి."

శ్యామ ఆపమని చెప్పలేదు. గోడ లేచినా సరే, ఈసారి ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి.

శనివారం ఏడింటికి ఐదు నిమిషాలు తక్కువగా ఇటుకల బండి వచ్చి ఆగింది. టోనీ చేత్తో తాపీ పట్టుకుని లాండ్రీ తలుపు దగ్గరికొచ్చాడు. రామానుజంగారు పంచపాత్రతో అక్కడే ఉన్నారు. వెనక గుమ్మంలో శ్యామ, యోగానంద్, శాలువా కప్పుకున్న సీతాదేవి.

"మార్నింగ్, మేట్. విచ్ డోర్ ఆర్ వీ బ్రికింగ్ అప్?"

రామానుజంగారు పంచపాత్రని వాషింగ్ మెషిన్ మీద పెట్టారు. ఆఫీసులో పై అధికారి ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు.

"మిస్టర్ టోనీ, దేర్ విల్ బి నో వాల్. ఐ హావ్ రెడ్ ది డ్రాయింగ్ రాంగ్లీ. ది మిస్టేక్ ఈజ్ మైన్."

"నో వర్రీస్. హ్యాపెన్స్ ఆల్ ది టైమ్," అన్నాడు టోనీ. కాఫీ కూడా వద్దని, ఇటుకలు తీసుకుని వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళలో జరగనిది అతనికి రోజూ జరిగేదే.

రామానుజంగారు లోపలికి వెళ్ళబోయారు. శ్యామ గుమ్మంలోంచి జరగలేదు.

"నాన్నగారూ, అతనికి కాదు. నాకు చెప్పండి."

"విన్నావుగా."

"ఇంగ్లీషులో విన్నాను. అతనికి చెబుతుంటే విన్నాను."

యోగానంద్ గొంతు సవరించుకున్నాడు. శ్యామ అటు చూడలేదు. గొంతు పెంచలేదు. కరెంటు బిల్లు చదువుతున్నట్టు చెప్పుకుపోయింది. "తొమ్మిది నెలలు గ్యారేజీలో వండాను. మీ అల్లుడి ఉద్యోగం నా వల్ల పోయిందన్నారు. 'అదీ' అన్నారు. ఆ రోజునుంచి నాకేమీ అనిపించడం లేదు నాన్నగారూ. కోపం కూడా రావడం లేదు. మీ డబ్బు రెండేళ్ళలో తిరిగి పంపుతాను. తలుపు ఇవాళ తీస్తాను. కానీ ముందు చెప్పండి."

ఆయన పెదాలు కదిలాయి. మాట ఏదో వచ్చింది కానీ, జంధ్యం దాకా వచ్చి ఆగిపోయినంత చిన్నగా వచ్చింది.

సీతాదేవి మెడ ముందుకి సాచింది. "ఏవన్నారండీ? వినపళ్ళా!"

రామానుజంగారు కళ్ళు మూసుకున్నారు. ఇంటివైపు తిరిగిన ఆయన ఎడమ చెవి మీద ఎండ పడుతోంది. పక్కింటివాళ్ళ కుక్క లేచి మొరిగేంత గట్టిగా అన్నారు.

"తప్పు నాదన్నాను! దిక్కులూ తప్పే చెప్పాను, డబ్బిచ్చాను కదాని తలుపులూ నావే అనుకున్నాను! అమ్మాయి చెబుతూనే ఉంది, నేనే వినలేదు. తప్పు నాది సీతా, నాది!"