వీధి చివర అరటిపళ్లు

గూఢచారి సినిమాలంటే చాముండేశ్వరికి ఒళ్లు మంట. మూడో అంతస్తు మీంచి దూకినా హీరో చొక్కా మడత నలగదు, వందమంది తుపాకులు పేల్చినా ఒక్క గుండూ తగలదు, మనకేమో నాలుగు మెట్లు దిగితే మోకాళ్లు పట్టేస్తాయి, ఇదెక్కడి చోద్యం అనేది ఆవిడ. అలాంటి మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం కెనడాలో, ఏజాక్స్ ఊరి సినిమాహాల్లో, కోటు కూడా విప్పకుండా, మనవరాలు ఇషిత పక్కన కూర్చుని గూఢచారి సినిమాయే చూసింది.

అక్కడిదాకా తీసుకెళ్లింది ఇంట్లో తగువు. కొద్దిరోజులుగా తండ్రీకూతుళ్లకు ఆ తెలుగు సినిమా మీదే యుద్ధం.

“ఒక్క ఫైట్ లేదు, ఒక్క ఛేజ్ లేదు. వాడు కిటికీ పక్కన కూర్చుని ఎదురింటిని చూస్తుంటాడు, అంతే. దానికి మళ్లీ మూడో వారం కూడా హౌస్‌ఫుల్లు! జనానికి ఏం నచ్చిందో నాకర్థం కావట్లేదు” అనేవాడు కొడుకు రేవంత్.

“డాడ్, దట్స్ ద పాయింట్. ఇట్ ఫీల్స్ రియల్” అనేది ఇషిత.

“నువ్వు చూసొచ్చి చెప్పమ్మా, నువ్వే జడ్జివి” అన్నాడు చివరికి రేవంత్ తల్లితో. “నాన్న దగ్గర నేనుంటాలే.”

నాన్న అంటే కోదండరామ్ గారు. కేంద్ర ప్రభుత్వంలో ఆడిట్ ఉద్యోగం. విశాఖపట్నంలో కాపురం పేరుకే, నెలలో సగానికి పైగా టూర్లే. రిటైరయ్యాక భార్యతో కలిసి కొడుకు దగ్గరికి కెనడా వచ్చేశాడు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. కొడుకుని ఒక్కోసారి గుర్తుపడతాడు, భార్యను అసలు గుర్తుపట్టడు. గుర్తుండిపోయేటంత చనువు వాళ్లమధ్య మిగిలి ఏడిస్తే కదా!

అది పాత కథ. రేవంత్‌కు మూడేళ్లప్పుడు, పక్కవాటాలో ఉండే కాంతం రాజమండ్రిలో పెళ్లికెళ్లి వచ్చి, చేతిలో సంచీ కూడా దించకుండా చెప్పింది. “అక్కా, మీ ఆయన అక్కడ ఎవరో ఒకావిడతో కూరగాయలు కొంటున్నాడు. ఆవిడ ‘ఏమండీ, వంకాయలు ముదురున్నాయండీ’ అంటోంది. నా కళ్లతో చూశాను.”

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆయన టూరు నుంచి రాగానే చాముండేశ్వరి నిలదీసింది, అరిచింది, ఏడ్చింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. “నీకెలా తోస్తే అలా అనుకో” అని స్నానానికి వెళ్లిపోయాడు. అలాంటి జవాబుకి ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? చిన్నిల్లు పెట్టాడనుకుంది. ఊరూరా తిరిగే మగాడి గురించి మనవాళ్లకు ఇంకో రకం అనుమానం పుట్టే అలవాటుందా అసలు?

ఆ రోజు నుంచి ఆవిడ మొగుడికి వడ్డించలేదు. వండి, గిన్నెలు బల్ల మీద పెట్టి, మూతలు వేసి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆయనే వడ్డించుకుని, తిని, కంచం కడిగి బోర్లించేవాడు. “ఇంకొంచెం వేయనా” అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. విడిపోదామంటే పిల్లాడున్నాడు, పుట్టింట్లో పెళ్లికెదిగిన చెల్లెళ్లున్నారు. అందుకని నలభై ఏళ్లు కోపంతోనే కాపురం చేసింది.

దానికి తోడు అరటిపళ్లొకటి. టూరు నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన రిక్షా దిగి, సొంత గేటు దాటిపోయి, వీధి చివర బండి దగ్గర అరటిపళ్లు కొని, అప్పుడు వెనక్కి వచ్చేవాడు. ఇంట్లో గెల మగ్గుతున్నా సరే, ఆ పళ్లు కొనాల్సిందే. తప్పు చేసినవాడు తెచ్చే లంచం అనుకుంది ఆవిడ. ఒక్క పండు కూడా నోట పెట్టకుండా వీధిలో ఆవుకి పెట్టేసేది.

ఇక సినిమా సంగతి. హీరోకి కాస్త పొట్ట, బట్టతల. మన వాటాలో అద్దెకుండే గుమాస్తాలా ఉన్నాడు. ఓ చిన్న ఊళ్లో, ఎదురింట్లో దొంగచాటుగా దేశానికి ద్రోహం చేస్తున్న మనిషిని కనిపెట్టుకుని ఉండటం అతని పని. ఒంటిగాడికి ఇల్లెవరిస్తారు? అందుకని పైవాళ్లు ఆఫీసులో పనిచేసే ఒకావిడను భార్యగా నటించమని పంపారు. ఆవిడ వీధిలో “ఏమండీ” అంటుంది, తలుపు మూశాక “సార్” అంటుంది. ఒకరు పడుకుంటే ఇంకొకరు కిటికీ దగ్గర కూర్చుంటారు. ఇద్దరూ సంతకెళ్లి మొగుడూపెళ్లాల్లా వంకాయలు బేరమాడుతుంటే హాల్లో జనం నవ్వారు. చాముండేశ్వరి నోటిదాకా తీసుకెళ్లిన పాప్‌కార్న్ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత హీరో తన ఊరికి వచ్చాడు. రిక్షా దిగాడు. సొంత గేటు దాటి ముందుకు వెళ్లిపోయాడు. వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర ఆగి, సిగరెట్టు వెలిగిస్తున్నట్టు నిలబడి, తన వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే ఇంటివైపు తిరిగాడు. తన ఇల్లు ఏదో, తన పెళ్లాం బిడ్డలు ఎవరో ఆ శత్రువుకి తెలియకూడదు, అదీ అతని భయం. లోపల పెళ్లాం అతన్ని చూసి మొహం తిప్పుకుంది. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు.

చాముండేశ్వరికి ఏడుపు రాలేదు. అరటిపళ్లు, అనుకుంది. భగవంతుడా, ఆ అరటిపళ్లు!

“నానమ్మా, ఆర్ యూ ఓకే?” అంది ఇషిత కారు స్టార్ట్ చేస్తూ. “సో, హూ వన్? నేనా, డాడా?”

“నువ్వే గెలిచావే.”

“బట్ వై? పీపుల్‌కి ఎందుకు నచ్చింది అంటావ్?”

చాముండేశ్వరి కిటికీలోంచి చూస్తూ అంది. “తుపాకులు పేలే సినిమాలో మనం హీరోని చూస్తాం. ఇందులో వాడి పెళ్లాన్ని చూస్తాం. వాడు తప్పు చెయ్యలేదని మనకి తెలుసు, ఆవిడకి తెలీదు. లేచెళ్లి ఆవిడ చెవిలో చెప్పేద్దామనిపిస్తుంది. చెప్పలేం. అందుకే జనం అలా కదలకుండా కూర్చున్నారు.”

“దట్స్ సో సాడ్, నానమ్మా.”

“అవునే” అంది చాముండేశ్వరి. నాకెవరూ చెప్పలేదే తల్లీ, అని మనసులోనే అనుకుంది.

అయినా సినిమా సినిమాయే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నలభై ఏళ్లు వాదించిన మనిషి, తెర మీద బొమ్మ చూసి ఇవాళ నాలుగని ఎలా ఒప్పుకుంటుంది? ఆయన నోటి నుంచి ఒక్క మాట రావాలి. అది వస్తే చాలు, ఆయన కాళ్ల మీద పడి క్షమించమని అడగాలి. ఆ మతిలో ఆ ముక్క ఇంకా మిగిలి ఉందో లేదో, మిగిలితే ఎన్నాళ్లుంటుందో. ఇల్లు చేరగానే ఆవిడ నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

కోదండరామ్ గారు తన గదిలో, వీధి కనిపించే కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. రేవంత్ టీ పెట్టడానికి లేచి వెళ్లగానే చాముండేశ్వరి తలుపు దగ్గరగా వేసి, స్టూలు జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. అంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

“ఏమండీ.”

ఆయన మర్యాదగా చూశాడు. “చెప్పండమ్మా.”

“రాజమండ్రిలో ఒకావిడతో ఇల్లు తీసుకుని ఉన్నారు కదా, అది ఉద్యోగం కోసమేనా? ఆవిడ మీ ఆఫీసు మనిషేనా? ఒక్క మాట చెప్పండి. ఇంకేమీ అడగను.”

మబ్బు పట్టినట్టుండే ఆ కళ్లలోకి ఎక్కడలేని చురుకు వచ్చింది. ఆవిడకు ఆశ పుట్టింది.

“రాజమండ్రా? నేనెప్పుడూ వెళ్లలేదండీ. నాది ఆడిట్ ఉద్యోగం” అన్నాడు తడుముకోకుండా.

“నేను చాముండేశ్వరినండీ. మీ భార్యని.”

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. “మా ఆవిడ పేరు మీకెవరు చెప్పారు?”

“అయ్యో, నేనేనండీ! అదిగో చూడండి” అంటూ ఆవిడ గోడ మీది పెళ్లి ఫొటో చూపించింది.

“ఫొటో కూడా సంపాదించారా?” అన్నాడు ఆయన. “నన్నేం చేసినా సరే. ఆవిడకేం తెలీదు. నాకు ఇంకో ఆడమనిషి ఉందనుకుంటోంది. నేనే అలా అనుకోనిచ్చాను. నాతో మాట్లాడటం కూడా మానేసింది. అదే మంచిదయింది. ఒక్కసారి దగ్గర కూర్చుని ప్రేమగా అడిగిందంటే నేనాగలేను, అంతా చెప్పేస్తాను. చెబితే ఆవిడ ప్రాణం మీదికొస్తుంది. ఆవిడ జోలికి వెళ్లకండమ్మా. చిన్న పిల్లాడున్నాడు.”

ఎనభై దగ్గరపడిన మనిషి రెండు చేతులూ ఎత్తి ఆవిడకు దండం పెట్టాడు.

చాముండేశ్వరి స్టూలు మీంచి కిందికి జారి ఆయన మోకాళ్లు పట్టుకుంది. “దగ్గరే కూర్చున్నానండీ, ప్రేమగానే అడుగుతున్నాను. పాపిష్టిదాన్ని, నలభై ఏళ్లు మిమ్మల్ని ఉసురుపెట్టాను. ఒక్కసారి నా మొహం చూడండి.” ఎంత బతిమాలితే ఆయన అంత బెదిరిపోయాడు. కాళ్లు వెనక్కి లాక్కుని, కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, పారిపోయే దారి కోసం తలుపువైపు చూశాడు. కావలసిన మాట ఆవిడకు దొరికింది. క్షమించమని అడగాల్సిన మనిషి మాత్రం ఆ కుర్చీలో లేడు.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది. కాస్త దూరం జరిగింది. ఆయన ఏ శత్రువనుకుని భయపడుతున్నాడో ఆ మనిషిలాగే, నెమ్మదిగా అంది.

“కంగారుపడకండి. మేమే పొరపాటుపడ్డాం. మీ ఇల్లెక్కడో మాకు తెలీదు. ఆవిడ జోలికి ఎప్పటికీ వెళ్లం.”

“ఒట్టేనా?”

“నా బిడ్డ మీద ఒట్టు.”

అప్పటికి గానీ ఆయన తలుపువైపు నుంచి చూపు తిప్పుకోలేదు.