ఆమె తరఫు జవాబులు

పాలు పొంగి పొయ్యంతా పారాయి. గిన్నె అడుగంటింది. "మళ్ళీ మర్చిపోయావా? నీ బుర్ర అరిగిపోయింది," అన్నాడు భర్త. ఆమె గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచింది. నిజానికి మర్చిపోలేదు. పొయ్యి ముందే నిలబడి, పాలు పైకి రావడం చూస్తూనే ఉంది. మంట తగ్గించడానికి చెయ్యి లేవలేదు, అంతే. ఆ మాట చెబితే మతిమరుపు కాస్తా పిచ్చి అయిపోతుందని ఊరుకుంది.

కొంతకాలంగా కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుంది. కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అందరి ఉత్తరాలూ టైపు చేసి, ఇంటికొచ్చి ఆ చేతుల్తోనే అంట్లు తోమి, మామగారి మందులూ పిల్లల చదువులూ చూసింది. అప్పుడు అలిసిపోవడానికి కూడా తీరిక లేదు. రిటైరయ్యాక ఆ అలసటంతా వచ్చి ఇంట్లో కూర్చుంది. "మీకేం అత్తయ్యా, హాయిగా రెస్టు," అంటుంది కోడలు, చంటివాణ్ణి ఆమె చేతుల్లో పెడుతూ. హాయంటే ఏడుపు రాకపోవడమో, వచ్చినా ఎవరూ చూడకపోవడమో ఆమెకు తెలియదు.

మతిమరుపుకని భర్త ఆసుపత్రికి తీసుకెళ్తే, తల స్కాన్ చూసి డాక్టరమ్మ అంది: "వయసుతో మెదడు కొంచెం తగ్గడం మామూలేనమ్మా. మీకు ఇంకాస్త ఎక్కువ తగ్గింది. ఏళ్ల తరబడి దిగులున్న వాళ్లలోనూ ఇలా కనిపిస్తుంటుంది. దిగులుందో లేదో ఈ ఫొటో చెప్పదు, మీరే చెప్పాలి. మనసు దిగులుగా ఉంటుందా?"

"ఆవిడకేం దిగులండీ? దేనికీ లోటు లేదు," అన్నాడు భర్త.

"నిద్ర పడుతుందా?"

"మంచమెక్కితే గురకే."

ఆ గురక ఆయనది.

"ఊరికే ఏడుపొస్తుందా?"

"టీవీ చూస్తే వస్తుంది లెండి," అని నవ్వాడు. "మతిమరుపుకి బిళ్ళలు రాసిచ్చేయండి, పోతాం."

డాక్టరమ్మ కలం తీసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నా తలకాయ ఫొటో తీస్తే అందులోంచి కూడా ఈయనే మాట్లాడాలా! ఇప్పుడు నోరు విప్పకపోతే తనది మతిమరుపేనని ఖాయమవుతుంది. ఇక ఆ దిగులు సంగతి అడిగేవాళ్లుండరు.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది భర్తతో.

"నేను లేకపోతే నీకు చెప్పడం వస్తుందా?"

"రాకపోతే నేర్చుకుంటాను. లేవండి."

ఆయన డాక్టరమ్మ వంక చూశాడు. ఆవిడ తలుపు వైపు చూసింది. గొణుక్కుంటూ వెళ్ళాడు. తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. తొందరపెట్టలేదు.

"నాకు మతిమరుపు లేదమ్మా," అంది ఆమె. "మర్చిపోగలిగితే ఎప్పుడో బాగుపడేదాన్ని."