నలభై ఒక్క రోజులు

మాల తీసేసి వచ్చిన భిక్షపతి విడిచిన సింధూరం రంగు పంచెలను కృష్ణకుమారి బకెట్లో నానబెట్టింది. నలభై ఒక్క రోజులుగా ఉతుకుతూనే ఉన్నా ఇంకా రంగు వదులుతూనే ఉన్నాయవి.

భర్త హనుమాన్ దీక్షలో ఉన్నన్నాళ్లూ కర్మన్‌ఘాట్‌లోని ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గలేదు. నాలుగింటికే లేచి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఆమె మడిగా వండింది. "స్వామి పూజల ఉన్నడు, టీవీ బంద్ చెయ్యుండ్రి" అని అత్త అండాలమ్మ అందరినీ కసిరేది. ఎల్బీ నగర్‌లో అతను పనిచేసే టైర్ల షాపు యజమాని సైతం గంట ముందే ఇంటికి పంపేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆమె బీఈడీ చేసి పందొమ్మిదేళ్లు. టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ కోచింగ్‌కని దిల్‌సుఖ్‌నగర్‌లో రెండుసార్లు చేరింది. ఒకసారి అత్త మోకాలి ఆపరేషన్‌కి ఆగింది, ఇంకోసారి ఆడబిడ్డ పురుటికి. "సదువు యాడికి పోతది, మల్ల సదువుకోవచ్చు" అన్నాడు భిక్షపతి. నిజానికి మానెయ్యమని ఎవరూ అనలేదు. ఎవరు పిలిచినా పుస్తకం మూసి లేచింది తనే. ఆ సంగతే ఆమెను ఎక్కువ బాధపెట్టేది. వయసు లెక్కన ఇదే ఆఖరి పరీక్ష. క్యాలెండర్ చూసింది. ఇంకా నలభై నాలుగు రోజులు. దీక్షకు సరిపోగా మూడు రోజులు మిగులు.

మర్నాడూ నాలుగింటికే లేచింది. స్నానం చేసి, వంటింట్లోకి కాక, భర్త పూజ చేసుకున్న చిన్న గదిలోకి వెళ్లి అతని చాప మీదే పుస్తకాలు పరిచింది.

ఆరింటికి భిక్షపతి గుమ్మంలో నిలబడ్డాడు. "కుమారీ, చాయ్ ఏది? ఒంట్ల బాగలేదా?"

"దీక్షల ఉన్న."

వెనకనుంచి అండాలమ్మ నవ్వింది. "ఏం దీక్షనే గిది? మాల ఏది?"

"మాల లేదు అత్తమ్మా. పొద్దుగాల ఎనిమిది దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా చదువుకుంట. పరీక్షయ్యే దాకా గంతే."

"మరి ఇంట్ల పని?"

"నిన్నటిదాకా ఈయన దీక్షలుంటే, ఆ మాట ఎవరన్నా అడిగిన్రా?"

భిక్షపతి ఏదో అనబోయాడు.

"నన్ను స్వామి అనకుర్రి. జర టీవీ బంద్ చేస్తే చాలు" అని తలుపు దగ్గరగా వేసింది.

కాసేపటికి టీవీ ఆగింది. గిన్నెలు అటూ ఇటూ వెతుకుతున్న చప్పుడు. ఆ తర్వాత పాలు పొంగి పొయ్యి మీద మాడుతున్న వాసన. ఆమె కాళ్లు వాటంతటవే లేవబోయాయి.

రెండు చేతులతో మోకాళ్లను అదిమిపట్టి, కృష్ణకుమారి తర్వాతి పేజీ తిప్పింది.