రెండు తలుపుల గది

వకుళమ్మ చెల్లెలు హైమవతి ఆరు గదుల్లో ఉంటోంది. ఏ గదిలోనూ ఆమె పూర్తిగా లేదు.

హైమ చనిపోయిన రోజున నిలవ కేంద్రం నుంచి ఫిలోమినా వచ్చి, ఆమెను శుభ్రంగా నాలుగు ముక్కలు చేసింది. ఆ నాలుగింటినీ కలిపి లెక్కగట్టి, మరో రెండు తోడు ముక్కలు తీసింది. ఆరింటినీ ఊళ్లో ఆరు చోట్ల, చల్లగా హోరుమనే సర్వర్ గదుల్లో పెట్టింది. ఆరింటిలో ఏ నాలుగు దొరికినా మనిషి మొత్తం తిరిగొస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం వకుళమ్మ గుమ్మంలో నిలబడి పిలిస్తే, గదులు తలో ముక్కా పంపుతాయి. హైమ చెప్పులు విప్పుకుంటూ భోజనానికి వస్తుంది.

“దీన్ని ఎరేజర్ కోడింగ్ అంటారండి,” అంటుంది ఫిలోమినా.

“మనుషుల్ని దాచే పనికి చెరిపేసే పేరేంటమ్మా? వినగానే గుండె ఝల్లుమంది.”

“చెరిగిపోయినా తిరిగొస్తారనండి ఆ పేరు. మీరు మరీనూ.”

వకుళమ్మకు నమ్మకం కుదరదు. ఆమె సాగనంపినవాళ్లలో ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. వస్తున్న ఈ ఒక్కతీ ఎవరో. ఒక శుక్రవారం పప్పులో గుప్పెడు ఉప్పు వేసి, ఎదురుగా కూర్చుని చెల్లెలి ముఖమే చూస్తుంది.

“పప్పులో ఉప్పేశావా, ఉప్పులో పప్పేశావా అక్కా? ఒకసారి పోయినదాన్ని, మళ్లీ చంపుతావేంటి?”

వకుళమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. చెల్లెలు చెల్లెలే. అనుమానం మాత్రం తీరదు. ఆ అనుమానమే లేచి, గొడుగు తీసుకుని, గదుల వైపు నడుస్తుంది. వకుళమ్మ దాని వెనకే వెళ్తుంది. దారిలో ఫిలోమినా కలుస్తుంది.

రేవు దగ్గరి గదిలో సముద్రం వచ్చి కూర్చుని ఉంది. అక్కడి ముక్క పోయింది.

“కంగారు పడకండి, ఇంకా అయిదున్నాయి,” అంటుంది ఫిలోమినా. “మరో గది పోయినా నాలుగుంటాయి కదండీ.”

గంటస్తంభం దగ్గరి గది బాగానే ఉంది. వకుళమ్మ మరచెంబులో నీళ్లు తాగి, చెంబును ర్యాకు మీద మరిచిపోతుంది. మిల్లు దగ్గరి గది ఊరికి ఆ కొసన. ఆటోలో వెళ్లి తలుపు తీస్తే, ర్యాకు మీద ఆమె మరచెంబు ఉంది. అందులో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి.

“ఇది నా చెంబే,” అంటుంది వకుళమ్మ.

ఫిలోమినా గది నాలుగు మూలలూ చూసి వస్తుంది. “గది ఒకటేనండి. తలుపులు రెండు. అటొకటి, ఇటొకటి. తలుపుకొక ముక్క పెట్టేశాను.”

“అల్లుణ్ణి రెండు పేర్లతో పిలిస్తే ఇద్దరల్లుళ్లయిపోతారా తల్లీ?”

“మా కేంద్రంలో అందరం తలుపులే లెక్కపెడతామండి.”

ఈ ఒక్క గది పోతే రెండు ముక్కలు పోతాయి. మిగిలేవి మూడు. మూడింటితో హైమ రాదు, ఆమె చెప్పుల చప్పుడు కూడా రాదు. గది గోడలు అప్పటికే తడిసిన అప్పడంలా మెత్తబడుతున్నాయి.

“ఒక ముక్క తీసి ఇంకో గదిలో పెట్టు.”

“అన్నిట్లోనూ ఒక్కోటి ఉందండి. ఒకేచోట రెండు పెట్టడమే కదండీ ఇప్పుడొచ్చిన తంటా.”

“అయితే నువ్వు పుచ్చుకో.”

“నాలో మా నాన్నగారి ముక్క ఉందండి. మనిషికి ఒకటే పడుతుంది.”

వకుళమ్మ ఆమెను ఎగాదిగా చూస్తుంది. “మరి నాలో?”

“పెట్టొచ్చండి. కానీ దాచుకున్నవాళ్లు పిలవలేరు. తిరిగొచ్చినవాళ్లు వాళ్లని గుర్తుపట్టరు.”

“ముసలిదాని పీడ వదిలించుకుందామని చెప్తున్నావా?”

“ఆయ్, నాకేం కలిసొస్తుందండీ?”

గోడ ఒకటి నెమ్మదిగా లోపలికి వంగుతుంది. వకుళమ్మ దాన్ని చూస్తుంది, ఫిలోమినాను చూస్తుంది.

“శుక్రవారం నువ్వు పిలుస్తావా? అన్నం పెడతావా?”

“పెడతానండి. ఒట్టు.”

రవిక హుక్కు తీసినంత తేలిగ్గా వకుళమ్మ పక్కటెముకల మధ్య తలుపు తెరుచుకుంటుంది. లోపల చాలా చోటుంది. ఎవరెవరో ఖాళీ చేసి, ఊడ్చి వెళ్లినట్టుంది. అరచేతి వెడల్పు ఉన్న ముక్కను ఫిలోమినా అక్కడ ఆనించి పెడుతుంది. వకుళమ్మ చెవుల్లో చల్లటి హోరు మొదలవుతుంది. వాళ్లు బయటికి రాగానే గది, లోపలున్న రెండో ముక్కతో సహా, చప్పుడు లేకుండా కుంగి కూర్చుండిపోతుంది.

శుక్రవారం ఫిలోమినా పిలుస్తుంది. మూడు గదులు మూడు ముక్కలు పంపుతాయి, వకుళమ్మ ఒకటి పంపుతుంది. హైమ వీధి వెంట నడిచి వస్తుంది. వేలుకి వేలు, వెంట్రుకకి వెంట్రుక, ఏమీ తగ్గలేదు. వకుళమ్మ ముందు ఆగి, తల పైకెత్తి చూస్తుంది.

“ఈ ఇల్లు పోయినవారం లేదే. ఎవరిది?”

“తెలిసినవాళ్లదేనండి. రండి, అన్నం చల్లారిపోతోంది,” అంటుంది ఫిలోమినా.

హైమ కదలదు. వకుళమ్మ చెంప మీద వేలు రాసి, సున్నం అంటిందేమో చూసుకుంటుంది. గుండె దగ్గర చెవి ఆనిస్తుంది.

“లోపల ఎవరో నాలాగే ఊపిరి తీస్తున్నారు. మా అక్కకు చెప్పాలి. తాళం ఎవరి దగ్గరుంది?”

వకుళమ్మ నోరు తెరుస్తుంది. కిటికీ రెక్కలు తెరుచుకుని, లోపలి ఎండ హైమ భుజం మీద పడుతుంది.

వీధిలో ఇళ్లన్నీ భుజాలు ముడుచుకుని పక్కకు జరిగి, ఒక ఇంటి మేర చోటిస్తాయి. పక్కింటామె బకెట్టుతో నీళ్లు తెచ్చి, వకుళమ్మ పాదాల ముందు కళ్లాపి జల్లి, ముగ్గు మొదలుపెడుతుంది. చుక్కలు హైమ నిలబడ్డ చోటికి వస్తాయి. హైమ చెవి తీయకుండానే ఒక కాలు ఎత్తి దారి ఇస్తుంది. తర్వాత రెండో కాలు కూడా ఎత్తి, అలాగే వింటూ ఉంటుంది.