రాడార్ అల్లుడు

ధనుంజయ్‌కి బదిలీ ఆర్డరు వచ్చిందని తెలిసి పామర్రులో అతని భార్య నాగదుర్గ పుట్టింటివాళ్ళంతా సంబరపడ్డారు. పన్నెండేళ్ళుగా కొచ్చి, ముంబై, పోర్ట్ బ్లెయిర్ అంటూ తిరుగుతున్న నేవీ ఉద్యోగి అతను. ఈసారి కృష్ణానది సముద్రంలో కలిసేచోట, పాయల మధ్య ఉన్న ఓ చిన్న లంకలో కొత్తగా పెట్టిన రాడార్ స్టేషన్‌కి వేశారు.

"దీవి పోస్టింగంటే ఏ అండమానో అనుకున్నానే తల్లీ! పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉండొచ్చు" అన్నాడు నాగదుర్గ తండ్రి అంకమ్మరావు ఫోన్లో. పామర్రు బజార్లో చేనేత బట్టల కొట్టు ఆయనది. ఆ మాటకి అవతల కొట్లో ఎవరో నవ్వడం కూడా వినిపించింది.

నాగదుర్గ మాత్రం ఫోన్ పెట్టేసి, సర్దుతున్న పెట్టె ముందు అలాగే కూలబడింది.

ధనుంజయ్ నేవీలో వంటవాడు. ఆ సంగతి అతను దాచలేదు. పెళ్ళిచూపులనాడు డాబా మీద మాట్లాడుకోమని ఇద్దర్నీ పంపిస్తే, మొదటి మాటే అది చెప్పాడు. "బయోడేటాలో లాజిస్టిక్స్ అని రాశారు గానీ, నేను చేసేది వంటండీ. రోజుకి రెండొందల మందికి వండుతాను. నాకా పని ఇష్టం. మీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పండి" అన్నాడు. ఆ నిక్కచ్చితనమే ఆమెకి నచ్చింది. కానీ కిందికి దిగొచ్చాక తండ్రి, "ఏం చేస్తాట్టమ్మా ఓడలో?" అని అడిగాడు. పక్కనే అక్క రాజ్యశ్రీ, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇంజినీరైన బావ కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు వంట అన్న మాట నాగదుర్గ నోటికి రాలేదు. "రాడార్ చూస్తారంట నాన్నా" అనేసింది.

ఒక్క మాట. మూడేళ్ళలో దానికి ఎన్ని కొమ్మలొచ్చాయో! చుట్టాల పెళ్ళిళ్ళలో ధనుంజయ్‌ని అందరూ "రాడార్ అల్లుడు" అంటుంటే, అతను ఏదో వేళాకోళమనుకుని నవ్వి ఊరుకునేవాడు. దూరాన ఉన్నన్నాళ్ళూ అబద్ధం నిక్షేపంగా నిలిచింది. ఇప్పుడు నాలుగ్గంటల ప్రయాణం దూరానికి వచ్చి పడ్డారు.

జూన్‌లో లంకకి చేరారు. నాగాయలంక దాటాక, ఏరు దాటించే పంటు మీద మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి ఎక్కించి తెచ్చుకున్నారు. నలభై మంది సిబ్బంది, ఆరు క్వార్టర్లు, చుట్టూ మడ అడవి. కుళాయిలో ఉప్పునీళ్ళు, తాగేనీళ్ళు రెండ్రోజులకోసారి పడవలో వచ్చేవి. బీరువా తలుపులు నెల తిరక్కుండానే తుప్పు పట్టాయి. స్నానాల గదిలోకి పీతలు వచ్చేవి. పక్క క్వార్టర్లో ఉండే కృప వాటిని చీపురుతో తోలడం నేర్పింది. కృప భర్త జోయెల్ నిజంగానే రాడార్ దగ్గర పని చేస్తాడు. అతను ఎదురుపడ్డప్పుడల్లా, తను వాడుకుంటున్నది అతని ఉద్యోగాన్నే అని గుర్తొచ్చి నాగదుర్గ తల దించుకునేది.

తండ్రి వస్తానన్నప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పింది. బయటివాళ్ళకి పర్మిషన్ లేదంది. పంటు తిరగడం లేదంది. తుపాను హెచ్చరిక ఉందంది. అలా సెప్టెంబరు దాకా నెట్టుకొచ్చింది.

ఓ శుక్రవారం మధ్యాహ్నం ధనుంజయ్ మహా హుషారుగా ఇంటికొచ్చాడు. "దుర్గా, నీకో మంచి వార్త. మామయ్యగారికి పాస్ తీసుకున్నాను. ఫోన్ చేసి చెప్పేశాను కూడా. రేపొస్తున్నారు. పర్మిషన్ ఇవ్వరని నీకెవరు చెప్పారో గానీ, ఆఫీసర్ గారు అడగ్గానే సంతకం పెట్టారు."

ఆమె మొహం పాలిపోవడం చూసి, ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికొచ్చాడు. అప్పుడు చెప్పింది. తలెత్తకుండా, చీర కొంగు మడతలు పెడుతూ, డాబా మీంచి దిగొచ్చిన రోజు మొదలు అంతా చెప్పింది. "రేపొక్కరోజు... మీరు రాడార్ దగ్గరే పని చేస్తున్నట్టు ఉండండి. ఆయన ముందు మెస్ మాట ఎత్తకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అతను వెనక్కి జరిగి మంచం అంచున కూర్చున్నాడు.

"అయితే అందరూ అలా పిలిచేది వేళాకోళానికి కాదన్నమాట" అన్నాడు చివరికి.

ఆమె కొంగు మడత విప్పి మళ్ళీ పెట్టింది.

"సరే" అన్నాడు. కేకలేసినా బాగుండేదనుకుంది నాగదుర్గ.

శనివారం తెల్లవారకముందే వెళ్ళి మెస్‌లో మధ్యాహ్నం వంట కూడా ముగించి, వడ్డన తోటివాడికి అప్పగించి వచ్చాడు. ఇంట్లో పండుగప్ప చేప పులుసు పెట్టాడు, గోంగూర నూరాడు. తర్వాత స్నానం చేసి తెల్ల యూనిఫాం వేసుకుని, పంటు రేవుకెళ్ళి మామగారిని వెంటబెట్టుకొచ్చాడు. అంకమ్మరావు దుప్పట్ల మూట మోసుకుంటూ వచ్చి, ఇల్లంతా కలియజూసి, "పర్లేదు, గాలి బాగా వస్తంది" అన్నాడు.

భోజనాల దగ్గర ఆయన అడగడం మొదలుపెట్టాడు.

"మీ రాడార్లో ఎంత దూరం కనపడుద్ది బాబూ?"

"చాలా దూరమేనండీ."

"చాలా దూరం అంటే?"

"అది... వాతావరణాన్ని బట్టి ఉంటదండీ."

"చేపల పడవ కూడా తెలుస్తదా? దానికీ ఓడకీ తేడా ఎట్టా తెలుస్తది?"

"చుక్కలాగా కనపడతదండీ. చిన్న చుక్క, పెద్ద చుక్క..." ధనుంజయ్ నుదుట చెమట పట్టింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. అన్నంలో వేళ్ళు తిప్పుతున్నాడే గానీ ముద్ద నోట్లోకి పోవడం లేదు. నాగదుర్గ గబగబా పులుసు గిన్నె ముందుకి జరిపింది.

అంకమ్మరావు మరో రెండు ముక్కలు వేసుకుని, "పులుసు అద్దిరిపోయింది. ఎప్పుడు నేర్చావే ఇంత బాగా?" అన్నాడు.

"ఇక్కడికొచ్చాకే నాన్నా" అంది నాగదుర్గ. అన్న తర్వాత భర్త వైపు చూడలేకపోయింది. ఉద్యోగాన్ని మార్చింది చాలక, ఆ చేతి వంటని కూడా లాక్కుంది.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ ఆయన్ని రేవు దాకా సాగనంపారు. పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాక, అంకమ్మరావు అల్లుణ్ణి అడిగాడు.

"ఇంకో మూడేళ్ళకి పెన్షన్ మీద వచ్చేస్తారుగా. తర్వాత ఏం చేద్దామని?"

విజయవాడ బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్ పెట్టాలని ధనుంజయ్ కోరిక. బల్లలు ఎన్ని, పొద్దున్నే ఏం చెయ్యాలి, చట్నీలు ఎన్ని అని ఆమెతో వందసార్లు చెప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పబోయి నోరు తెరిచి, ఆగిపోయి భార్య వైపు చూశాడు. ఏం చెప్పమంటావు అని అడుగుతున్నట్టు చూశాడు. పన్నెండేళ్ళు ఓడల మీద నలిగిన మనిషి సొంత కోరిక చెప్పుకోవడానికి తన అనుమతి కోసం చూస్తుంటే నాగదుర్గ తట్టుకోలేకపోయింది.

"నాన్నా, ఆయన రాడార్ దగ్గర పని చెయ్యరు. మెస్‌లో వంట చేస్తారు. మధ్యాహ్నం నువ్వు తిన్న పులుసు ఆయన చేసిందే. నేనే... నీకు మొదట్నుంచీ నేనే అబద్ధం చెప్పాను."

అంకమ్మరావు ఉలిక్కిపడలేదు. మెల్లిగా కూతురి వైపు తిరిగాడు.

"వంట అని నాకు తెలుసమ్మా. పిల్లనిచ్చేవాణ్ణి, వాకబు చెయ్యకుండా ఉంటానా? విశాఖలో మన బట్టలు తీసుకునే జీవరత్నం గారే కనుక్కుని చెప్పారు. కుర్రాడు వంటవాడు, బంగారంలాంటోడు అన్నారు. సరే చేసేద్దామనుకున్నా. ఈలోపు నువ్వొచ్చి రాడార్ అన్నావు."

"మరి అప్పుడే అడగలేదేం నాన్నా?"

"నీకు అతను అట్టా చెప్పి ఉంటాడనుకున్నా. నువ్వు ఇష్టపడ్డావు కదా, చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నా. కానీ మూడేళ్ళుగా ఇతను మాట్లాడే ప్రతి మాటా నమ్మకుండానే విన్నాను. ఇవాళ కంచం ముందు కావాలనే అడిగా. ఇప్పుడన్నా నిజం చెప్తాడేమోనని. చుక్కలంటుంటే ఎంత కోపమొచ్చిందో. ఈ అబద్ధం నువ్వు ఆడావని నాకు కలలో కూడా తోచలేదే."

ఆయన లేచి అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబూ, నిన్ను అబద్ధాలకోరనుకున్నాను. ఏమనుకోబాక."

"అయ్యో, మీరు పెద్దవారండీ" అన్నాడు ధనుంజయ్.

పంటు వచ్చింది. కూతురి తల నిమిరి వెళ్ళడం ఆయన అలవాటు. ఆరోజు నిమరలేదు. పంటు సగం ఏరు దాటేవరకూ ఆయన అల్లుడికే చెయ్యి ఊపాడు.

తిరిగి వస్తుంటే నాగదుర్గ ఏడుస్తూనే ఉంది. "నన్ను తిట్టండి" అంది.

ధనుంజయ్ నడక ఆపలేదు. "నా పని గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదు దుర్గా. ఓడలో ఎందరు ఎన్ని రకాలుగా పిలిచినా సిగ్గనిపించలేదు. ఇవాళ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మొదటిసారి సిగ్గుపడ్డాను" అన్నాడు. నేరుగా మెస్‌కి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు నాగదుర్గ అక్కకి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. రాజ్యశ్రీ, "ఇంతకాలం మా అందరి చేతా ఆయన్ని ఎగతాళి చేయించావు కదే" అంది. నాగదుర్గ కృపకీ చెప్పింది. కృప ఆ వారమంతా మునుపటంత చనువుగా మాట్లాడలేదు.

ధనుంజయ్ మాట్లాడటం మానలేదు. నీళ్ళ పడవ వచ్చిందని, రేపు డ్యూటీ తొందరని చెప్పేవాడు. కానీ ఇదివరకు ఇంటికి రాగానే మెస్ కబుర్లు చెప్పేవాడు, అవి మానేశాడు. ఆమె అడిగితే, "ఏముంటాయి, మామూలే" అనేవాడు. అడిగే అర్హత పోగొట్టుకున్నానని ఆమె కూడా అడగడం తగ్గించింది. దసరా అలాగే గడిచింది.

దీపావళి వెళ్ళిన వారానికి, ఒక మధ్యాహ్నం అతను గుమ్మంలో బూట్లు విప్పుతూ, తనలో తను అనుకుంటున్నట్టు, "ఇవాళ సాంబారు అడుగంటింది. నలభై మందికీ మాడు వాసన. ఆఫీసర్ గారు మాత్రం రెండోసారి వేయించుకున్నారు" అన్నాడు.

నాగదుర్గ నవ్వలేదు, తొందరపడి ఏమీ అడగలేదు. ముక్కాలి పీట లాక్కుని అతనికి కాస్త దూరంలో కూర్చుంది. అతను రెండో బూటు విప్పి పక్కన పెట్టి, ఎట్లా అడుగంటిందో చెప్పడం మొదలుపెట్టాడు.