మూడో విడత

“ఊపిరి మామూలుగా తీసుకోండి. ఒక్క సెంటీమీటరు ఎడమకి... చాలు. ఇక కదలొద్దు.”

బల్ల మీద పడుకున్న మనిషి ఛాతీపై సిరాతో గీసిన గుర్తు ఉంది. గోడ నుంచి వచ్చే ఎర్రని గీత సరిగ్గా దానిమీద వాలేదాకా టెక్నీషియన్ వంగే ఉన్నాడు. పొట్టి మనిషి, పలచని జుట్టు. రోగిని తాకే ముందు చలి పోయేలా రుద్దుకుని రుద్దుకుని నున్నబడిన అరచేతులు. ఇరవై రెండేళ్లుగా ఈ రేడియేషన్ గదిలో ఇదే పని. రోగులు పెట్టిన పేరు సెంటీమీటరుగారు.

బల్ల మీద ఉన్నది బస్సు కండక్టరు. ఊరుకునే రకం కాదు.

“ముప్ఫై స్టాపులేంటండీ సెంటీమీటరుగారూ! నాన్‌స్టాప్ కొట్టేస్తే నా పీడ మీకూ వదులుతుంది కదా.”

“ఒక్కసారే ఇస్తే జబ్బుతో పాటు మీరూ దిగిపోతారు,” అన్నాడతడు, నవ్వకుండానే. “రోజుకింత విడతలుగా ఇస్తే మంచి కణం మర్నాటికి తేరుకుంటుంది. చెడ్డది తేరుకోలేదు.”

“అయితే నెల పాసు రాసిపడేయండి!”

మందమైన తలుపు మూసి, ఇవతలి గదిలో మీట నొక్కి, తెర మీద కండక్టరు పొట్ట లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. యంత్రం సన్నగా మూలిగింది. అతని మనసు మాత్రం సాయంత్రం మీద ఉంది.

సాయంత్రం అక్కకు మూడో విడత చెప్పాలి.

తల్లి పోయాక తననీ చిన్నోణ్ణీ, ఇద్దరు తమ్ముళ్లనూ చంకనొకణ్ణి, చేతనొకణ్ణి పెట్టుకుని పెంచిన అక్క. ఇప్పుడు అతని ఇంట్లోనే ఉంటుంది. గుండె బలహీనం. అందుకే చెడ్డవార్త ఏదైనా అతడు ఆమెకు కొలిచి, విడగొట్టి, రోజుకింత చొప్పున అందిస్తాడు. తన పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి నాలుగు సాయంత్రాల్లో చెప్పాడు. నాన్న జబ్బు వారం పట్టింది.

సోమవారం, “చిన్నోడికి జ్వరమటక్కా,” అన్నాడు. మంగళవారం, “ఆసుపత్రిలో చేర్చారట, చూస్తున్నారట.” బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

“నాలుగ్గంటల దారే కదరా, వెళ్లొస్తాను.”

“ఇప్పుడెందుకక్కా? నిన్ను చూస్తే వాడే కంగారుపడతాడు.”

ఈ ఉదయం తమ్ముడి భార్య ఫోన్ చేసింది. “బావగారూ, కాలేయం మొత్తం పోయిందన్నారు. మాట పడిపోయింది. వదినగారిని తీసుకురండి.”

“చెప్తానమ్మా. కొంచెం కొంచెంగా.”

“కొంచెం కొంచెంగా చెప్పడానికి ఇక్కడింక ఎంత మిగిలిందని బావగారూ?”

కండక్టరు దిగిపోయాడు. తరువాతి రోగి చక్రాల కుర్చీలో వచ్చిన ముసలాయన. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది; నొప్పికి పళ్లు బిగించి ఉన్నాడు. కాగితం తిప్పితే ఒక గడిలో రాసి ఉంది: విడతలు, ఒకటి.

కుర్చీ తోసుకొచ్చిన కూతురు గొంతు తగ్గించింది. “బయటున్న వాళ్లంతా నెలల తరబడి వస్తున్నారు. నాన్నకి ఒక్కరోజేనా?”

దీనికి డాక్టరే జవాబు చెప్పాలి, అది నియమం. అతడు దుప్పటి సరిచేస్తూ నిలబడ్డాడు. అమ్మాయి అతని ముఖంలోకి చూసింది.

“అయితే... ఇంటికి తీసుకెళ్లిపోనా?”

“తీసుకెళ్లండమ్మా. ఇవాళే.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చి తన చెవిలోనే పడింది. విడతలు ఇంకా కాలమున్నవారికి. కాలం లేనివారికి, నొప్పి తగ్గే మేరకు, ఒక్కసారే. ఇరవై రెండేళ్లుగా తెలిసిన లెక్క. అక్క గుండెను చూసి విడతలు వేశాడు. తమ్ముడి ఊపిరిని చూసి లెక్క వేయవలసింది.

ముసలాయన వీపు మీది గుర్తులకు గీతలు కలిపాడు. రెండుసార్లు సరిచూశాడు. ఆయన్ను పంపించి ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పని తోటి ఉద్యోగికి అప్పగించి రోడ్డెక్కాడు. నడక వీధి మలుపులో పరుగైంది.

తలుపుకు బయట గొళ్లెం వేసి ఉంది. పక్కింటావిడ గోడ పక్కకు వచ్చింది.

“మీ మరదలు ఫోన్ చేసింది నాయనా. గంట క్రితం పోయాడట. మీ అక్క విన్నది విన్నట్టే బస్సుకు బయల్దేరింది. మంచినీళ్లిచ్చే లోపే వీధి దాటేసింది.”

“పడిపోలేదు కదా?”

“ఎక్కడి మాట! ‘మొత్తం ఒక్కసారే విన్నాను, నిలబడే ఉన్నానని వాడితో చెప్పండి’ అంది.”

అతడు గొళ్లెం తీసి లోపలికి వెళ్లాడు. వంటింటి గట్టు మీద సగం తరిగిన కూర. కుళాయి సరిగా కట్టలేదు, చుక్క చుక్క పడుతోంది. దాన్ని బిగించి వెనక్కి తిరిగాడు. ఇప్పుడు బస్సెక్కినా అక్క కంటే గంట వెనకే.

కిటికీ అరుగు మీద అక్క కళ్లజోడు ఉంది. అది లేకుండా ఆమె నాలుగడుగుల దూరంలోని ముఖాన్ని పోల్చుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి క్షణం పాటు తీసి పెట్టినట్టు, రెండు కాళ్లూ తెరుచుకుని, అద్దాలు పైకప్పును చూస్తూ, వెల్లకిలా పడి ఉంది.