ప్లస్ ఒకటిన్నర

“కనబడ్తలేదని చెప్పు” అన్నాడు మా ఆయన, గోడ మీది క్యాలెండర్ పక్కన కర్ర పట్టుకుని నిలబడి.

నేను గదికి ఈ చివర పీట మీద కూర్చున్నాను. ఒక కన్ను చేత్తో మూసుకోమన్నాడు. మూసుకున్నాను. కర్ర కొసతో ఒక అంకె మీద కొట్టాడు.

“ఇదేంది?”

“పద్నాలుగు.”

“ఏం మనిషివే నువ్వు. బోర్డుల డాక్టరు అడిగితే గిట్లనే టకీమని చెప్తవా? కనబడ్తలేదు అనాలె. మళ్ల చెప్పు. ఇదేంది?”

“కనబడ్తలేదు.”

“ఆఁ. గట్ల.”

పద్నాలుగే కాదు, గ్యాసు బండ వచ్చిన రోజని దాని చుట్టూ నేను గీసుకున్న సున్నా కూడా కనబడుతూనే ఉంది. నా కళ్లకు దూరం బాగానే ఉంది, చెడింది దగ్గర. కానీ ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నా కళ్లు పోతున్నాయని అందరం నమ్మాం. నేను భయపడ్డాను. మా ఆయన సంతోషించాడు.

ఆ సంతోషానికి కారణం ఉంది. బొగ్గు గనిలో పనిచేసే మనిషి ఇక పనికిరాడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారు. అన్‌ఫిట్ అంటారు మా గోదావరిఖనిలో. పదకొండేళ్ల కిందట మా ఆయన రఘుపతి నడుము నొప్పితో అన్‌ఫిట్ అయ్యాడు. అప్పుడు మా కొడుకు జగదీశ్వర్‌కు ఎనిమిదేళ్లు. అందుకని నౌకరీ నాకు వచ్చింది. “పోరడు పెద్దగయ్యెదాక నువ్వు చెయ్యి” అన్నాడు మా ఆయన, ఎవరిదో సైకిల్ కాసేపు పట్టుకోమన్నట్టు. ఇప్పుడు జగదీశ్వర్‌కు పంతొమ్మిది. సైకిల్ తిరిగి ఇవ్వాల్సిన సమయం వచ్చింది.

నేను గని మీద లాంప్ రూంలో పనిచేస్తాను. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక లాంపు. షిఫ్టు మొదట్లో లాంపు ఇస్తాను, పైకి వచ్చాక తీసుకుని అదే నంబరు అరలో చార్జింగుకు పెట్టి, పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా టిక్కు కొడతాను. టిక్కు పడితే మనిషి పైకి వచ్చినట్టు. పడకపోతే ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. అంతే పని. చెప్పుకోవడానికి చిన్నదే. కానీ ఇంట్లో నాలుగింటికి లేచి వంట చేసి, ఆయనకు వేడినీళ్లు పెట్టి, “కూరల ఉప్పెక్కువైంది, నౌకరీ జేస్తున్నవని కండ్లు నెత్తికెక్కినయా” అనిపించుకుని వచ్చిన దాన్ని, ఆ కిటికీ ముందు నిలబడగానే మరో మనిషినయ్యేదాన్ని. “అనసూర్యక్కా, లాంపు” అని వరుసగా పిలిచేవాళ్లు. అంత చీకట్లోకి వెళ్లేవాళ్లకు వెలుతురు నా చేతి మీదుగా వెళ్లేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఏడాదిగా అంకెలు అలుక్కుపోతున్నాయి. పుస్తకాన్ని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని చూసేదాన్ని. బియ్యంలో రాళ్లు మిగిలాయి, సూదిలో దారం ఎక్కలేదు. వాటన్నిటికీ తిట్లు తిని ఊరుకున్నాను. ఎనిమిదికీ మూడుకూ తేడా పోయిన రోజు మాత్రం ఊరుకోవడానికి లేకపోయింది.

ఆ సోమవారం ఫస్టు షిఫ్టు దిగాక రాయమల్లు లాంపు ఇచ్చి వెళ్లాడు. అతనిది 318. నాకు 313గా కనబడింది. 313 లాంపు ఆ రోజు రిపేరుకు పోయింది, దాని అర ఖాళీగా ఉంది. అందులో పెట్టాను. 313 ఎదురుగానే టిక్కు కొట్టాను. గంట గడిచాక లెక్క చూసిన ఇన్‌చార్జి ముఖం పాలిపోయింది. 318 పైకి రాలేదు.

లోపలికి మనుషులు పరుగెత్తారు. ఇంటికి కబురు పోయింది. రాయమల్లు భార్య సారక్క చెప్పులు లేకుండా వచ్చి గని మెట్ల మీద కూలబడింది. లోపలికి వెళ్లే దారినే చూస్తూ కూర్చుంది. రెండు గంటలు. ఆ రెండు గంటలూ నేను కిటికీ వెనక నిలబడి ఆమె వీపును చూశాను. దూరం కదా, బాగా కనబడింది.

రాయమల్లు సుల్తానాబాద్ బస్సు దిగి, నోట్లో బీడీతో తాపీగా వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా బర్రెను బేరం చేయడానికి వెళ్లాడట.

“ఆడమనిషిని గిక్కడ పెట్టొద్దని మొదట్లనే చెప్పిన” అన్నాడు ఇన్‌చార్జి. “కండ్లు సూపిచ్చుకోని కాయితం తెచ్చెదాక లాంప్ రూంల అడుగు వెట్టకు.”

ఆ సాయంత్రం మా ఆయన నవ్విన నవ్వు పెళ్లినాడు కూడా నవ్వలేదు. “మంచిగైంది. పోరని నౌకరీ గడప దాక వచ్చింది” అన్నాడు. జగదీశ్వర్‌ను కూర్చోబెట్టి అన్‌ఫిట్ దరఖాస్తు రాయించాడు. అక్షరాలు నాకు చీమల బారులా ఉన్నాయి. వేలు పెట్టి చూపిన చోట సంతకం చేశాను. తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం ఈ క్యాలెండర్ పాఠం. శనివారం ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి.

శనివారం పొద్దున ఆ కాగితం సంచిలో పెట్టుకుని బయలుదేరుతుంటే గుమ్మంలో సారక్క నిలబడి ఉంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టే హక్కు ఆమెకు ఉంది.

“నా మొగన్ని రెండు గంటలు సంపినవు గదనే” అంది.

“తప్పైందక్కా” అన్నాను.

“సరే గని, పుస్తకం ఎంత దూరం వట్టుకుంటవ్? మా ఆయన జెప్పిండు, గీ నడుమ అనసూర్య పుస్తకాన్ని చెయ్యి చాపి వట్టుకుంటదని.”

చూపించాను. ఆమె తన కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, నన్ను అడగకుండానే నా ముక్కు మీద పెట్టింది.

ఎదురుగా సారక్క ముఖం. పైపెదవి మీద పచ్చబొట్టు చుక్కంత మచ్చ, కళ్ల కింద సన్నటి గీతలు, నిద్ర చాలని ఎరుపు. పదిహేనేళ్లుగా తెలిసిన మనిషి. ఏడాదిగా ఆమెను ఇంత దగ్గరగా చూడలేదని అప్పుడు తెలిసింది.

“కండ్లు పోలేదే పిచ్చిదానా” అంది. “నడువ్, వజీర్ దుకాణానికి.”

వజీర్ అద్దాల దుకాణం చౌరస్తా పక్క సందులో ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి బరువైన ఇనుప ఫ్రేము పెట్టాడు. ఒక్కో బిళ్ల అందులో వేస్తూ, తీస్తూ, “ఇది మంచిగున్నదా, ఇంతకు ముందుది మంచిగుండెనా” అని అడిగాడు. ముందు దూరం పలక. అలవాటుకొద్దీ “కనబడ్తలేదు” అనబోయి ఆగాను. గొంతులో ఆ మాట సిద్ధంగా ఉంది, ఐదు రోజుల నుంచి నూరిపోసింది. చిట్టచివరి వరుస దాకా చదివాను.

“దూరం ఫస్టుక్లాసు” అన్నాడు వజీర్. “దగ్గరికి ప్లస్ ఒకటిన్నర. ఫికర్ చెయ్యకక్కా, నలపై దాటినంక అందరికి వచ్చేదే. మా ఇంట్ల ఆమెకు రెండున్నది.”

“అంటే అన్‌ఫిట్ గాదా?”

అతను సారక్క వైపు చూసి నవ్వాడు. “గీ లెక్కన నేను గుడ అన్‌ఫిటే.”

తయారుగా ఉన్న జోడు ఒకటి తొడిగి, చదవడానికి ఏమైనా ఉందా అన్నాడు. సంచిలో ఉన్నది ఒక్కటే కాగితం. విప్పాను.

నా కొడుకు దస్తూరి గుండ్రంగా, పొందికగా ఉంది. ముందు దానికే మురిశాను. తర్వాత చదివాను. “అయ్యా, నేను గత పదకొండు సంవత్సరాలుగా చూపు సరిగా లేక, అప్పగించిన ఏ పనీ సక్రమంగా చేయలేకపోతున్నాను.” కింద నా సంతకం.

పదకొండేళ్లు. ఎన్ని వేల లాంపులు ఇచ్చానో, ఎన్ని వేలు తీసుకున్నానో. జ్వరంలో వెళ్లాను, అమ్మ పోయిన తొమ్మిదో రోజున వెళ్లాను. తప్పింది ఒక్క టిక్కు. ఆ పదకొండేళ్లను నేనే నా చేత్తో కొట్టేసుకుని, సంతకం పెట్టి, సంచిలో వేసుకుని తిరుగుతున్నాను.

ఆశ్చర్యం, నాకు కోపం రాలేదు. కోపం కంటే ముందు కృతజ్ఞత వచ్చింది, కుర్చీలోంచి లేవనివ్వనంతగా. పక్కన నిలబడ్డ ఈ మనిషి నా వల్ల రెండు గంటలు విధవగా బతికింది. నన్ను శపించడానికి బదులు తన అద్దాలు తెచ్చి నాకు పెట్టింది. కట్టుకున్నవాడు నా కళ్లు పోతే వచ్చేదేమిటో చూశాడు. ఈమె నా కళ్లకు ఏమైందో చూసింది.

“అక్కా” అన్నాను.

“ఏడ్వకు. కొత్త అద్దాలు మసకైతయ్” అంది సారక్క.

కంటి పరీక్ష కాగితం రాయించుకుని ఇన్‌చార్జికి ఇచ్చాను. ఆయన నా ముఖం, కాగితం మార్చి మార్చి చూసి, “సోమారం ఫస్టు షిఫ్టు” అన్నాడు. అంతే అన్నాడు. నాకది చాలు.

ఇంటికొచ్చేసరికి తండ్రీ కొడుకూ అన్నం తింటున్నారు. మా ఆయన తలెత్తి, ముద్ద చేతిలోనే ఆపాడు.

“మొకానికి గవేంది?”

“అద్దాలు. కండ్లు మంచిగనే ఉన్నయట.”

“కండ్లు మంచిగైతే మనకేం లాభమే?”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో అన్న మాటల్లో ఇంత నిజమైనది ఇంకొకటి లేదు. అనేశాక ఆయనకే వినబడినట్టుంది, కంచంలోకి చూశాడు. జగదీశ్వర్ తినడం ఆపేశాడు.

“నాకు కనబడ్తది” అన్నాను. “గా కాయితం గుడ కనబడ్డది.”

“అమ్మా, బాపు చెప్పంగ రాసిన” అన్నాడు జగదీశ్వర్ మెల్లగా.

“ఎరుకే బిడ్డా. నీ దస్తూరి మంచిగున్నది. ఐటీఐల చేరు, నేను చదివిపిస్త.”

“మరి వాని నౌకరీ?” అన్నాడు మా ఆయన.

గిన్నెలో మిగిలిన అన్నం నా కంచంలో పెట్టుకుని వాళ్ల ఎదురుగానే కూర్చున్నాను.

“అది వాని నౌకరీ గాదు. నీది గుడ గాదు. నాది. నాకింక పదహారేండ్ల డ్యూటీ ఉన్నది.”